అంకె వెనక కొలత: డీజిల్ కారు అశ్వశక్తి కథ

డీజిల్ కారు ట్యూనింగ్ అంటే ఇంజన్ విప్పకుండానే దాని కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం. సిలిండర్‌లో పడే ఇంధనాన్నీ, టర్బో తోసే గాలినీ పెంచి, అదే ఇంజన్ నుంచి ఎక్కువ శక్తి రాబట్టడం. తొంభై హార్స్‌పవర్ బండి నూట పదిహేను ఇస్తుందని, టార్క్ పావు వంతు పెరుగుతుందని ట్యూనింగ్ షాపుల ప్రకటనల్లో కనిపిస్తుంది. పికప్ పెరిగిన సంగతి డ్రైవర్‌కు మొదటి కిలోమీటర్‌లోనే తెలుస్తుంది. ఎంత పెరిగిందో మాత్రం తెలియదు. టర్బో ఒక్కసారిగా అందుకునే బండి, నిదానంగా అందుకునే బండి కంటే బలంగా అనిపిస్తుంది. రెండింటి గరిష్ఠ శక్తి ఒకటే అయినా సరే.

పెరుగుదల ఎంతో చెప్పాలంటే కొలవాలి. ఇంజన్ శక్తిని కొలిచే విద్యకు రెండు వందల ఏళ్లు దాటాయి. ఆ కాలమంతా ఒకే తంతు నడిచింది. శక్తి అంకెను ముందుగా పలికింది అమ్మేవాడు. ఎక్కడ కొలిచారు, ఏ గాలిలో కొలిచారు, ఏ పద్ధతిలో కొలిచారు అని అడిగింది ఇంజినీర్లు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు లేని అంకె ఎంత పెద్దదైనా దానితో పని జరగదు.

గుర్రంతో మొదలైన బేరం

అశ్వశక్తి పుట్టిందే వ్యాపారంలో. జేమ్స్ వాట్, ఆయన భాగస్వామి మాథ్యూ బౌల్టన్ గనులకు ఆవిరి యంత్రాలు ఇచ్చేటప్పుడు, పాత న్యూకమెన్ యంత్రంతో పోలిస్తే మిగిలిన బొగ్గు విలువలో మూడో వంతును రుసుముగా తీసుకునేవారు. 1780ల్లో చక్రం తిప్పే యంత్రాలు వచ్చాక ఈ లెక్క కుదరలేదు. మిల్లుల్లో అప్పటిదాకా పనిచేసింది గుర్రాలు. వాటికి బొగ్గుతో పనేముంది? కాబట్టి కొత్త యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో చెబితే తప్ప మిల్లు యజమానితో బేరం తెగదు.

మిల్లు గుర్రం 12 అడుగుల వ్యాసార్ధంతో గంటకు 144 చుట్లు తిరుగుతుందని, 180 పౌండ్ల బలంతో లాగుతుందని వాట్ లెక్క కట్టారు. నిమిషానికి దాదాపు 32,600 అడుగుల పౌండ్లు వచ్చింది. దాన్ని 33,000కు సరిచేశారు. నేటి ప్రమాణాల్లో అది 745.7 వాట్లు. తర్వాత ఐరోపా ఖండంలో 75 కిలోల బరువును సెకనుకు ఒక మీటరు ఎత్తే శక్తిని మెట్రిక్ అశ్వశక్తిగా తీసుకున్నారు. అది 735.5 వాట్లు. కార్ల బ్రోషర్లలో పీఎస్ అని రాసేది దీన్నే. బ్రిటిష్ లెక్కలో 100 బీహెచ్‌పీ (బ్రేక్ హార్స్‌పవర్), మెట్రిక్ లెక్కలో 101.4 పీఎస్ అవుతుంది. ట్యూనింగ్‌కు ముందు శక్తిని బీహెచ్‌పీలో, తర్వాతి శక్తిని పీఎస్‌లో రాస్తే, ఇంజన్‌ను ముట్టుకోకుండానే ఒకటిన్నర శాతం దాకా పెరిగినట్టు కనిపిస్తుంది.

శక్తిని ఎక్కడ కొలవాలన్న ప్రశ్న కూడా వాట్ కాలంలోనే మొదలైంది. ఆయన సహాయకుడు జాన్ సదర్న్ 1796లో ఒక పరికరాన్ని మెరుగుపరిచారు. ముషలకం కదులుతున్నప్పుడు సిలిండర్ లోపలి ఆవిరి పీడనం ఎలా మారుతోందో అది కాగితం మీద గీస్తుంది. ఆ గీత లోపలి వైశాల్యాన్ని బట్టి సిలిండర్‌లో జరిగిన పని లెక్కించవచ్చు. బౌల్టన్, వాట్ సంస్థ ఈ పరికరాన్ని చాలాకాలం రహస్యంగా ఉంచింది. అయితే అది చెప్పేది సిలిండర్‌లో పుట్టిన శక్తిని. బేరింగులు, వాల్వులు, పంపులు తినగా ఇరుసు దగ్గర మిగిలిన శక్తి ఎంతో తెలియాలంటే మరో సాధనం కావాలి.

ఇరుసుకు వేసిన బ్రేకు

ఆ సాధనాన్ని 1821లో ఫ్రెంచ్ ఇంజినీరు గాస్పార్ ద ప్రోనీ తయారుచేశారు. అందులో దాపరికం ఏమీ లేదు. తిరిగే ఇరుసును రెండు చెక్క దిమ్మెల మధ్య బిగిస్తారు. దిమ్మెలకు పొడవాటి చేయి ఉంటుంది. ఇరుసు తనతో పాటు ఆ చేతినీ తిప్పేయాలని చూస్తుంది. చేతి చివర తూకం రాళ్లు వేలాడదీసి అది కదలకుండా అడ్డంగా నిలిపితే చాలు. ఆ బరువును చేతి పొడవుతో గుణిస్తే వచ్చేది టార్క్. టార్క్‌ను వేగంతో గుణిస్తే శక్తి. ఒక మీటరు పొడవున్న చేతి చివర 20 కిలోల బరువు నిలిచి, ఇరుసు నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే టార్క్ 196 న్యూటన్ మీటర్లు, శక్తి 41 కిలోవాట్లు, అంటే సుమారు 56 పీఎస్. బ్రేక్ హార్స్‌పవర్ అన్న మాటలోని బ్రేకు ఇదే.

ఈ పద్ధతిలో ఇంజన్ ఇచ్చిన శక్తంతా దిమ్మెల దగ్గర వేడిగా మారుతుంది. చిన్న యంత్రమైతే నీళ్లు పోసి చల్లార్చవచ్చు. వేల అశ్వశక్తి ఇచ్చే ఓడ ఇంజన్‌కు ఈ ఉపాయం చాలదు. బ్రిటిష్ నౌకా ఇంజినీరు విలియం ఫ్రౌడ్ 1877లో దీనికి నీటినే బ్రేకుగా వాడే మార్గం చూపారు. గిన్నెల్లాంటి గుంటలున్న చక్రం ఒక తొట్టిలో తిరుగుతుంది. ఎదురుగా అలాంటి గుంటలే ఉన్న తొట్టి గోడ ఉంటుంది. వాటి మధ్య సుడులు తిరిగే నీరు చక్రాన్ని ఆపుతూ, వేడెక్కి బయటికి పోతుంది. చల్లని నీరు లోపలికి వస్తుంది. తొట్టి మీద పడే తోపును తూకంతో కొలుస్తారు. హీనన్ అండ్ ఫ్రౌడ్ సంస్థ ఇలాంటి నీటి బ్రేకులను తరాల పాటు తయారుచేసింది. 1931 ప్రాంతంలో అమెరికాలో మార్టిన్, ఆంథనీ విన్తర్ సోదరులు అయస్కాంత క్షేత్రంలో లోహపు చక్రం తిరిగినప్పుడు పుట్టే సుడి విద్యుత్తును బ్రేకుగా మలిచారు. కరెంటు పెంచితే బ్రేకు బిగుస్తుంది, తగ్గిస్తే వదులవుతుంది. ఇంజన్‌ను ఏ వేగంలో కావాలంటే ఆ వేగంలో నిలిపి కొలిచే సౌకర్యం దీనితో బాగా పెరిగింది.

ఆగ్స్‌బర్గ్‌లో పరీక్ష

డీజిల్ ఇంజన్ మాటకు బలం వచ్చింది కూడా కొలతతోనే. రుడాల్ఫ్ డీజిల్ 1892లో పేటెంటుకు దరఖాస్తు చేసినప్పుడు ఆయన దగ్గర ఉన్నది సిద్ధాంతం మాత్రమే. గాలిని బాగా నొక్కితే అది ఇంధనాన్ని నిప్పురవ్వ లేకుండానే మండించేంత వేడెక్కుతుందని, ఆవిరి యంత్రం కంటే ఎన్నో రెట్లు పొదుపుగా పనిచేసే ఇంజన్ సాధ్యమని ఆయన వాదన. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారంలో 1893 నుంచి ప్రయోగాలు సాగాయి. మొదటి నమూనాలు సరిగా నడవలేదు.

1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ సాంకేతిక కళాశాల ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ ఇంజన్‌ను స్వయంగా పరీక్షించారు. 250 మిల్లీమీటర్ల బోరు, 400 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఒకే సిలిండర్ ఇంజన్ అది. నిమిషానికి 154 చుట్ల వేగంతో దాదాపు 18 అశ్వశక్తి ఇచ్చింది. అంతకంటే ముఖ్యమైనది ఇంధనం లెక్క. ఒక కిలోవాట్ గంటకు 324 గ్రాములు కాలింది. అంటే ఇంధనంలోని శక్తిలో 26.2 శాతం ఇరుసు దగ్గరికి వచ్చింది. అప్పటి ఆవిరి యంత్రాలకు ఇది అందని ఎత్తు. అదే ఏడాది జూన్‌లో కాసెల్‌లో జరిగిన జర్మన్ ఇంజినీర్ల సభలో డీజిల్, ష్రోటర్ ఇద్దరూ ఈ ఫలితాలను వివరించారు. ఆ తర్వాత లైసెన్సుల కోసం మరిన్ని కంపెనీలు ముందుకు వచ్చాయి. ఇంజన్ తయారీతో సంబంధం లేని మనిషి కొలవడం, శక్తితో పాటు కాలిన ఇంధనాన్నీ తూచడం అన్నవి ఆ పరీక్షకు బలమిచ్చిన రెండు విషయాలు. డీజిల్ ట్యూనింగ్‌ను తేల్చడానికి నేటికీ ఇవే పనికొస్తాయి.

ఆ ఇంజన్ కార్లోకి రావడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్మడానికి మొదట్లో బరువైన గాలి కంప్రెసర్ కావాల్సివచ్చేది. బాష్ సంస్థ 1927లో ఇంజెక్షన్ పంపుల ఉత్పత్తి మొదలుపెట్టాక చిన్న, వేగవంతమైన డీజిల్ ఇంజన్లకు దారి పడింది. 1936లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ బెంజ్ 260 డి కారు కనిపించింది. 2.6 లీటర్ల ఇంజన్, 45 పీఎస్. 1978లో అదే సంస్థ 300 ఎస్‌డీతో డీజిల్ కారుకు టర్బో తగిలించింది. 1989లో ఆడి 100 టీడీఐ 2.5 లీటర్ల ఇంజన్ నుంచి 120 పీఎస్ ఇచ్చింది. 1997లో ఆల్ఫా రోమియో 156తో, ఎక్కువ పీడనంలో ఉంచిన ఇంధనాన్ని ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకూ అందించే కామన్ రైల్ ఇంజెక్షన్ కార్లలోకి వచ్చింది.

బ్రోషర్‌లో అంకె, బానెట్ కింద ఇంజన్

కంపెనీలు ప్రకటించే అంకెలూ ఎప్పుడూ ఒకే తీరుగా లేవు. అమెరికాలో 1971 దాకా గ్రాస్ పద్ధతి నడిచింది. ఫ్యాను, ఆల్టర్నేటర్, ఎయిర్ ఫిల్టర్, కారు సైలెన్సర్ లేకుండా ఇంజన్‌ను బల్ల మీద పెట్టి కొలిచేవారు. తర్వాత అవన్నీ తగిలించి కొలిచే నెట్ పద్ధతికి మారారు. మారే సమయంలో 1971 కార్వెట్‌కు జనరల్ మోటార్స్ రెండు అంకెలూ ఇచ్చింది. దాని మామూలు ఇంజన్ గ్రాస్ లెక్కలో 270 అశ్వశక్తి, నెట్ లెక్కలో 210. ఇంజన్ అదే. కొలిచే పద్ధతి మారగానే అరవై గుర్రాలు పోయాయి.

నెట్ పద్ధతిలోనూ కొంత వెసులుబాటు ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం 85వ నిబంధన ప్రకారం ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఇంజన్ శక్తి ఆమోదం పొందిన అంకెకు ఐదు శాతం అటూ ఇటూ ఉండవచ్చు. బ్రోషర్‌లో 100 పీఎస్ ఉన్న కారు నిజంగా 96 ఇవ్వవచ్చు, 104 ఇవ్వవచ్చు. అందువల్ల ట్యూనింగ్ తర్వాత కొలిచిన శక్తిని బ్రోషర్‌లోని అంకెతో పోల్చి తేడా చెప్పడం పొరపాటు. 104 ఇచ్చే బండికి అసలేమీ చేయకపోయినా ఆ లెక్కలో నాలుగు గుర్రాలు పెరిగినట్టే.

డీజిల్‌లో శక్తి ఎక్కడ పెరుగుతుంది

పెట్రోల్ ఇంజన్‌లో యాక్సిలరేటర్ తొక్కితే గాలి దారి తెరుచుకుంటుంది. డీజిల్‌లో యాక్సిలరేటర్ ఆజ్ఞ ఇంధనానికి. సిలిండర్‌లోకి గాలి ఎప్పుడూ అవసరం కంటే ఎక్కువే వెళుతుంది; చిమ్మిన ఇంధనం ఎంతైతే శక్తి అంత. కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి చాలు. కానీ సిలిండర్‌లో రెండూ పూర్తిగా కలవడానికి సమయం ఉండదు కనుక, గాలి 18 రెట్లకు దిగువకు తగ్గేసరికే నల్లటి పొగ మొదలవుతుంది. కంపెనీ ఇంజినీర్లు పొగ, వేడి, గేర్‌బాక్స్ భరించే టార్క్, ఉద్గార పరిమితులు అన్నీ చూసుకుని ఇంధనానికి ఒక హద్దు పెడతారు. ట్యూనింగ్ చేసేవారు ఆ హద్దును జరుపుతారు.

పాత పంపుల కాలంలో ఇది స్క్రూడ్రైవర్ పని. ఫుల్ లోడ్ స్క్రూ కొంచెం తిప్పితే ఇంధనం పెరుగుతుంది; లాగుడూ పెరుగుతుంది, వెనక పొగా పెరుగుతుంది. ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చాక హద్దులన్నీ ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూలోని పట్టికల్లోకి చేరాయి. మొదట్లో చిప్ ఊడదీసి మార్చేవారు, చిప్ ట్యూనింగ్ అన్న పేరు అలా వచ్చిందే. తర్వాత స్టీరింగ్ కింది ఓబీడీ పోర్టు ద్వారానే పట్టికలు తిరగరాయడం మొదలైంది. దాన్నే రీమ్యాప్ అంటున్నారు.

మూడో దారి ట్యూనింగ్ బాక్స్. ఇది ఈసీయూ జోలికి వెళ్లదు. కామన్ రైల్ పీడనాన్ని చెప్పే సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని, అసలు పీడనం కంటే తక్కువ చెబుతుంది. ఈసీయూ అది నమ్మి పీడనం పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం మారకపోయినా ఎక్కువ ఇంధనం పడుతుంది. దీనివల్ల ఒక చిత్రమైన ఫలితం వస్తుంది. కాలుతున్న ఇంధనం ఈసీయూ లెక్కకు అందదు కనుక డ్యాష్‌బోర్డు మీద మైలేజీ తగ్గినట్టు కనిపించదు, ఒక్కోసారి పెరిగినట్టూ చూపిస్తుంది. నిజమైన మైలేజీ తెలియాలంటే ట్యాంకు నిండా పోయించి, నడిపి, మళ్లీ అదే బంకులో నిండా పోయించి లీటర్లు లెక్కపెట్టాలి.

ఈసీయూ చూపే టార్క్ అంకె సంగతీ అంతే. ఓబీడీ పోర్టుకు ఫోన్ యాప్ కలిపితే తెర మీద న్యూటన్ మీటర్లు కనిపిస్తాయి. అది కొలత కాదు. ఇంత ఇంధనం పడితే ఇంత టార్క్ వస్తుందని పట్టికలో రాసిన అంచనా. పట్టికలే మార్చిన తర్వాత ఆ అంచనాను సాక్ష్యంగా తీసుకోవడానికి లేదు.

కంపెనీలే ఒక ఇంజన్‌ను రెండు శక్తుల్లో అమ్మిన ఉదాహరణ భారతీయ రోడ్ల మీదే ఉంది. ఫియట్ 1.3 లీటర్ల మల్టీజెట్ ఇంజన్ 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో 75 పీఎస్, 190 న్యూటన్ మీటర్లతో వచ్చింది. అదే ఇంజన్ ఎస్‌ఎక్స్4లో 90 పీఎస్, 200 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. శక్తి 20 శాతం పెరిగితే గరిష్ఠ టార్క్ పెరిగింది ఐదు శాతమే. 75 పీఎస్ రకంలో 2,000 ఆర్‌పీఎం దగ్గర 190 న్యూటన్ మీటర్లు అంటే 54 పీఎస్. 4,000 దగ్గర 75 పీఎస్ అంటే టార్క్ 132కు పడిపోయిందన్నమాట. రెక్కల కోణం మారే టర్బోతో ఆ పై వేగాల్లో టార్క్ పడిపోకుండా నిలబెట్టడం వల్లనే 90 వచ్చింది. అందుకే గరిష్ఠ అంకె ఒక్కటే చెబితే చాలదు. ఏ వేగంలో ఎంత పెరిగిందో చూపే గీత మొత్తం కావాలి.

రోలర్ల మీద కారు

ఇంజన్‌ను కారు నుంచి దించి బ్రేకుకు బిగించడం కంపెనీలకు, పుణేలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా కేంద్రాలకు సాధ్యం. షాపుల్లో కారు చక్రాలనే రోలర్ల మీద తిప్పి కొలుస్తారు. రైలు ఇంజన్లను ఇలా నిలబెట్టి పరిగెత్తించే ఏర్పాటు అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1891 నాటికే ఉంది. 1928లో జర్మనీలోని షెంక్ సంస్థ నేటి యంత్రాల పోలికలున్న వాహన పరీక్షా రోలర్లను నిర్మించింది.

డైనోలు (డైనమోమీటర్లు) అనే ఈ శక్తి కొలిచే యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు. ఒకదానిలో బరువైన రోలరే భారం. దాన్ని కారు ఎంత త్వరగా వేగమెక్కించిందో చూసి శక్తిని లెక్కిస్తారు. రెండోదానిలో రోలర్‌కు సుడి విద్యుత్తు బ్రేకు ఉంటుంది. ఇంజన్‌ను నచ్చిన వేగంలో నిలిపి ఉంచవచ్చు. టర్బో డీజిల్‌కు ఈ తేడా ముఖ్యం. టర్బో పీడనం పూర్తిగా ఎక్కడానికి భారమూ, కొంత సమయమూ కావాలి. తేలికపాటి రోలర్ మీద పరుగు కొన్ని సెకన్లలో ముగిసిపోతే, రోడ్డు మీద ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే టార్క్ అక్కడ కనిపించకపోవచ్చు.

పరీక్ష జరిగే తీరు ఇది. కారును రోలర్ల మీదికి ఎక్కించి పట్టీలతో నేలకు బిగిస్తారు. రేడియేటర్, ఇంటర్‌కూలర్ ముందు పెద్ద ఫ్యాను పెడతారు. ఇంజన్ నూనె వేడెక్కాక, గేర్ నిష్పత్తి ఒకటికి ఒకటి దగ్గరగా ఉండే గేర్‌లో, మామూలుగా నాలుగో గేర్‌లో, తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చివరిదాకా వెళ్తారు. ఆపైన క్లచ్ తొక్కి రోలర్లను వాటంతటవే ఆగనిస్తారు. అవి నెమ్మదించే తీరును బట్టి టైర్లు, గేర్‌బాక్స్ తినే శక్తిని అంచనా వేసి, చక్రాల శక్తికి కలిపి ఇంజన్ శక్తి అంటారు.

ఈ చివరి మెట్టులోనే జారుడు ఎక్కువ. క్లచ్ తొక్కాక గేర్ల మీద భారం ఉండదు. భారం ఉన్నప్పటి నష్టం వేరు. టైర్లో గాలి తగ్గినా, పట్టీ మరికాస్త బిగించినా నష్టం మారుతుంది; దాని అంచనా తప్పితే, కలిపి చెప్పే ఇంజన్ శక్తి కూడా తప్పుతుంది. కొన్నిచోట్ల ఈ మాత్రం కూడా చేయకుండా చక్రాల శక్తికి పదిహేను శాతమో ఇరవై శాతమో గుండుగుత్తగా కలిపేస్తారు. ఇంజన్ శక్తి పెరిగినంత మాత్రాన టైర్ల రాపిడి అదే నిష్పత్తిలో పెరగదు. అందుకే ముందూ తర్వాతా పోల్చడానికి చక్రాల దగ్గర కొలిచిన అంకె మేలు. తక్కెడలో యాభై గ్రాముల తేడా ఉన్నా, అదే తక్కెడలో రెండుసార్లు తూస్తే సరుకు ఎంత పెరిగిందో సరిగానే తెలుస్తుంది. డైనో విషయంలోనూ జరగాల్సింది ఇదే: ఒకే యంత్రం, ఒకే రోజు, ఒకే గేర్, అవే టైర్లు.

గాలి పేరుతో కలిసే గుర్రాలు

షాపు ఇచ్చే గ్రాఫ్ కాగితంలో ఒక మూలన చిన్న అక్షరాలతో ఉష్ణోగ్రత, గాలి పీడనం, సవరణ గుణకం అని ఉంటాయి. పెద్ద అంకెల కంటే ముందు చదవాల్సింది దాన్ని. వేడి గాలి, ఎత్తైన ప్రదేశంలోని గాలి పలచగా ఉంటాయి. వేర్వేరు చోట్ల కొలిచిన శక్తిని పోల్చడానికి అన్నిటినీ ఒకే ప్రామాణిక గాలికి మార్చి చెబుతారు. పాత జర్మన్ డిన్ ప్రమాణంలో అది 20 డిగ్రీలు, 101.3 కిలోపాస్కల్స్. ఐఎస్‌ఓ 1585లోనూ, అమెరికాలోని ఎస్ఏఈ జె1349లోనూ 25 డిగ్రీలు, తేమ తీసేసిన గాలి పీడనం 99 కిలోపాస్కల్స్.

సూత్రం పెట్రోల్‌కు వేరు, డీజిల్‌కు వేరు. ఉష్ణోగ్రత ప్రామాణికంగానే ఉండి, పొడి గాలి పీడనం 90 కిలోపాస్కల్స్ ఉన్న చోటును తీసుకోవచ్చు. సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న బెంగళూరులో పరిస్థితి ఇంచుమించు ఇదే. పెట్రోల్ సూత్రం ప్రకారం సవరణ 99ని 90తో భాగించి 1.2 ఘాతానికి పెంచినంత, అంటే 12 శాతం. టర్బో డీజిల్ సూత్రంలో పీడనం ఘాతం 0.7. ఆ వచ్చిన విలువను మళ్లీ ఇంజన్ గుణకానికి పెంచాలి. అది సిలిండర్‌లో పడే ఇంధనాన్ని బట్టి 0.3 నుంచి 1.2 దాకా ఉంటుంది. లెక్క కడితే సవరణ 2 నుంచి 8 శాతం మధ్య తేలుతుంది. కారణం తేలికే. ఎత్తుకు వెళ్లినా టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి గాలి లోటును చాలావరకు పూడుస్తుంది. ఇంజన్ కోల్పోని శక్తిని సవరణ పేరుతో తిరిగి ఇవ్వాల్సిన పని లేదు.

డైనో సాఫ్ట్‌వేర్‌లో పెట్రోల్ అని ఎంచుకుని డీజిల్ కారును పరీక్షిస్తే, చక్రాల దగ్గర వచ్చిన 100 పీఎస్ కాగితం మీద 112 అవుతుంది. గాలి ఉష్ణోగ్రతను చూసే సెన్సర్ వేడి ఇంజన్ పక్కన పడి ఉన్నా ఇదే జరుగుతుంది: గది గాలి నిజంగా ఉన్నదానికంటే వేడిగా ఉందనుకుని సాఫ్ట్‌వేర్ శక్తి కలుపుతుంది. ఎస్ఏఈ జె1349 సవరణను ఏడు శాతానికి మించనివ్వదు. ముందు పరుగుకూ తర్వాతి పరుగుకూ సవరణ గుణకం వేరుగా ఉంటే, సవరించని అంకెలు కూడా అడిగి చూడాలి.

ఆగి ఉన్న కారుకు ఫ్యాను గాలి ఎంత పెట్టినా రోడ్డు మీది గాలితో సమానం కాదు. రెండు మూడు పరుగులయ్యేసరికి ఇంటర్‌కూలర్ వేడెక్కుతుంది. కొన్ని ఈసీయూలు ఇంజన్‌ను కాపాడటానికి ఇంధనం తగ్గిస్తాయి. ట్యూనింగ్‌కు ముందు వేడి ఇంజన్ మీద, తర్వాత చల్లారిన ఇంజన్ మీద కొలిస్తే ఆ తేడా కూడా ట్యూనింగ్ ఖాతాలో పడిపోతుంది.

రోడ్డు మీది లెక్క

డైనో లేకపోయినా భౌతికశాస్త్రం ఉంది. కారు వేగమెక్కడానికి పట్టిన సమయం తెలిస్తే శక్తి తెలుస్తుంది. మనుషులతో కలిపి 1,400 కిలోలున్న కారు ఒకే గేర్‌లో గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు చేరడానికి గతిజ శక్తిలో 1,94,400 జౌళ్లు పెరగాలి. దానికి 5 సెకన్లు పడితే సగటున 38.9 కిలోవాట్లు. ఆ వేగంలో గాలి నిరోధం, టైర్ల రాపిడి కలిసి మామూలు సైజు కారుకు సుమారు 10.7 కిలోవాట్లు తింటాయి. మొత్తం 49.6 కిలోవాట్లు, అంటే చక్రాల దగ్గర 67 పీఎస్. ట్యూనింగ్ తర్వాత అదే పరుగు 4.3 సెకన్లలో ముగిస్తే శక్తి 76 పీఎస్. పెరిగింది 13 శాతం. షాపు చెప్పింది 25 శాతమైతే, సమయం 3.8 సెకన్లకు రావాలి.

ఈ లెక్కను చెడగొట్టేవి కూడా చిన్నవేమీ కావు. వంద మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తున్న రోడ్డు కంటికి చదునుగానే కనిపిస్తుంది. 90 కిలోమీటర్ల సగటు వేగంలో అది 3.4 కిలోవాట్లు తింటుంది, అంటే 4.7 పీఎస్, పై ఉదాహరణలోని పెరుగుదలలో సగానికి పైమాటే. అందుకే ఒకే దారిలో పోతూ వస్తూ రెండు వైపులా పరీక్షించి సగటు తీస్తారు. ఎదురుగాలికీ అదే మందు. కారులో ఒక మనిషి తగ్గినా బరువు ఐదు శాతం తగ్గుతుంది. స్పీడోమీటర్ అసలు వేగం కంటే కొంచెం ఎక్కువ చూపేలా ఉంటుంది కనుక, చేతి గడియారంతో కాకుండా సెకనుకు పదిసార్లు వేగం నమోదు చేసే జీపీఎస్ పరికరంతో కొలవాలి. ఇవన్నీ పకడ్బందీగా చేయడానికి టెస్ట్ ట్రాక్ కావాలి. జనం తిరిగే రోడ్డు దీనికి చోటు కాదు.

రోలర్ల మీద నడిచే కారు, రోడ్డు మీద నడిచే కారు ఒకటేనా అన్న ప్రశ్న 2015లో ప్రపంచమంతా వినిపించింది. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఫోక్స్‌వ్యాగన్ జెట్టా, పసాట్ డీజిల్ కార్ల డిక్కీలో పరికరాలు పెట్టి రోడ్ల మీద ఉద్గారాలు కొలిచారు. ప్రయోగశాల రోలర్ల మీద నిబంధనలకు లోబడిన కార్లు రోడ్డు మీద పరిమితికి ఎన్నో రెట్లు నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయి. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి ప్రవర్తన మార్చే సాఫ్ట్‌వేర్ కార్లలో ఉందని ఆ ఏడాది సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ప్రకటించింది. అది ఉద్గారాల వ్యవహారమైనా, శక్తి కొలతకూ అందులో పాఠం ఉంది. రెండు చక్రాలు తిరుగుతూ రెండు ఆగి ఉంటే కొన్ని కార్లలో స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ జోక్యం చేసుకుని శక్తి తగ్గిస్తుంది. రోలర్ల అంకెను రోడ్డు అంకెతో సరిచూసుకోవడం మంచిది.

ఇంధనం సాక్ష్యం, భరించాల్సిన ఖర్చు

ష్రోటర్ 1897లో చేసినట్టు ఇంధనాన్ని తూచడం మరో సరిచూపు. నేటి కారు డీజిల్ ఇంజన్ పూర్తి భారం మీద కిలోవాట్ గంటకు 210 నుంచి 250 గ్రాముల దాకా కాలుస్తుంది. 75 పీఎస్, అంటే 55 కిలోవాట్లు ఇవ్వడానికి గంటకు సుమారు 15 లీటర్లు కావాలి. శక్తి 25 శాతం పెరిగిందంటే ఇంధనం కూడా ఇంచుమించు అంతే పెరిగి 19 లీటర్ల దగ్గరికి చేరాలి. పూర్తి భారం మీద శక్తి పావు వంతు పెరిగి ఇంధనం కూడా తగ్గిందని ఎవరైనా చెబితే, ఆ రెండిట్లో ఒకటి సరిగా కొలవలేదన్నమాట. గాలి పెరగకుండా ఇంధనం మాత్రమే పెరిగితే మిగిలింది పొగగా బయటపడుతుంది. బీఎస్-6 కార్లలో ఆ మసి పార్టిక్యులేట్ ఫిల్టర్‌లో పేరుకుంటుంది.

పెరిగిన టార్క్‌ను ముందుగా మోసేది క్లచ్. కంపెనీ కొంత అదనపు బలం పెట్టే ఇస్తుంది. ఆ అదనం దాటితే ఎత్తైన గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆర్‌పీఎం ఎగిరి వేగం పెరగదు. ఎగ్జాస్ట్ వేడి, టర్బో వేగం, సిలిండర్ లోపలి పీడనం కూడా పెరుగుతాయి. చట్టం సంగతీ ఉంది. తయారీదారు ఇచ్చిన మూల నిర్దేశాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న కొలతకూ కొంత అనిశ్చితి మిగులుతుంది. ఏ మార్పూ చేయని కారునే అదే డైనో మీద వరుసగా మూడుసార్లు పరిగెత్తిస్తే అంకెలు ఒక్కటే రావు. ఆ మూడింటి మధ్య తేడా ఎంతో ముందే చూసుకోవాలి. తేడా రెండు పీఎస్ అయితే, ట్యూనింగ్ తర్వాత మూడు పీఎస్ పెరిగిందన్న మాటను నమ్మలేం. తొమ్మిది పెరిగితే నమ్మవచ్చు. కాబట్టి నమ్మదగిన నివేదికలో ఉండాల్సినవి ఇవి: డైనో రకం, గేర్, టైర్లలో గాలి, గది ఉష్ణోగ్రత, పొడి గాలి పీడనం, వాడిన డీజిల్ సవరణ సూత్రం, ముందు మూడు పరుగులు, తర్వాత మూడు పరుగులు, వేగాన్ని బట్టి టార్క్ గీతలు రెండూ, చక్రాల దగ్గర తేడా, ఆ తేడాకు అటూ ఇటూ ఎంత. ఇవన్నీ ఉన్న కాగితం మీద 67 పీఎస్ 76 అయిందని రాసి ఉంటే, ఆ తొమ్మిది గుర్రాలూ నిజంగా ఉన్నవే.